పెళ్ళికి డీజే: ముగ్గురిలో ఎవరిని పిలవాలి?

ప్రశ్న: మా చెల్లెలి పెళ్ళి ఇంకో మూడు నెలల్లో ఉంది. ఏర్పాట్లన్నీ నామీదే పడ్డాయి. సాయంత్రం విందులో పాటలు, డ్యాన్స్ ఉండాల్సిందేనని కుర్రాళ్ళంతా పట్టుబట్టడంతో డీజే కోసం ముగ్గురితో మాట్లాడాను. మొదటతను క్లబ్బుల్లో చేస్తుంటాడు. ఆన్‌లైన్‌లో బోలెడంతమంది ఫాలోవర్లు, వీడియోలు చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. రెండోది ఈవెంట్ కంపెనీ. సౌండ్, లైట్లు, డీజే, యాంకర్ అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ అంటున్నారు. మూడో అబ్బాయి మా కజిన్ క్లాస్‌మేట్. సొంత స్పీకర్లున్నాయి, మిగతావాళ్ళు అడిగినదాంట్లో నాలుగో వంతుకే చేస్తానంటున్నాడు. ఇంట్లో తలా ఒక మాట చెబుతున్నారు. పెద్దవాళ్ళేమో ఆ చప్పుడు మేం భరించలేం అంటున్నారు. నాన్నగారు వినికిడి యంత్రం పెట్టుకుంటారు, అదొక టెన్షన్. ఎవరిని పిలవాలి? ఏమేం అడగాలో కూడా నాకు తెలియడం లేదు. పెళ్ళయిన నెలకి మా బాబు పుట్టినరోజు ఉంది, దానికీ వాళ్ళనే మాట్లాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో ఆ ముగ్గురూ మీకు ఏమేం చెప్పారో ఉందండి. వాళ్ళలో ఎవరైనా మిమ్మల్ని ఏమడిగారో మాత్రం లేదు. ఎంతమంది వస్తున్నారు, వాళ్ళలో పిల్లలెందరు, పెద్దవాళ్ళెందరు, వేడుక హాల్లోనా ఆరుబయటా, పెళ్ళికూతురికి ఏ పాటలంటే ఇష్టం, పొరపాటున కూడా వినపడకూడని పాటలేమైనా ఉన్నాయా... ఇవేమీ అడక్కుండానే రేటు చెప్పేశారంటే ఆ రేటు స్పీకర్లకీ లైట్లకీ చెప్పినట్టే. ముగ్గురికీ ఇంకోసారి ఫోన్ చేయండి. ఈసారి మీరు తేదీ, చోటు మాత్రం చెప్పి ఊరుకోండి. అవతలివాళ్ళు ఏమడుగుతారో వినండి. నా దృష్టిలో సగం ఎంపిక ఆ ఫోన్‌లోనే అయిపోతుంది.

ఎందుకంటే పెళ్ళిలో డీజే చేసే అసలు పని పాటలు కలపడం కాదు. రెండు పాటల వేగాన్ని సరిపెట్టి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అతుకు కనపడకుండా తీసుకెళ్ళడం ఒకప్పుడు ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని వచ్చేది కాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రతి పాటకీ నిమిషానికి ఎన్ని బీట్లో లెక్కగట్టి తెరమీద చూపిస్తుంది, సింక్ బటన్ నొక్కితే అదే కలిపేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి తెలియనిది ఒకటే: ఎదురుగా ఉన్న మనుషులు. కుర్చీల్లోంచి ఎవరు లేవబోతున్నారు, ఎవరు విసుక్కుంటున్నారు, డ్యాన్స్ చేస్తున్న పిల్లల్లో ఎవరు అలసిపోయారు, ఇప్పుడు జోరు పెంచాలా తగ్గించాలా అన్నది తల ఎత్తి చూసేవాడికే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తని డీజేకీ, ముందే పేర్చిపెట్టిన ప్లేలిస్ట్‌కీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్లేలిస్ట్ కనీసం ఉచితం.

ఇక మీ ముగ్గురి సంగతికొద్దాం.

క్లబ్బులో చేసే అతను చేతకానివాడని నేననను. కాని అక్కడి పని వేరు. క్లబ్బుకి వచ్చేవాళ్ళు ఇంచుమించు ఒకే వయసువాళ్ళు, ఆ రకం పాటల కోసమే వస్తారు, నచ్చకపోతే ఇంకోచోటికి పోతారు. పెళ్ళికి నాలుగేళ్ళ పాప నుంచి ఎనభై ఏళ్ళ తాతగారి దాకా వస్తారు, నచ్చకపోయినా కూర్చోవాలి. పైగా క్లబ్బులో సౌండ్ సిస్టమ్ ముందే బిగించి ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి వేరే మనిషి ఉంటాడు. మాట్లాడటానికి మైకు ఎవరూ అడగరు. పెళ్ళిలో ఇవన్నీ అతని నెత్తిన పడతాయి. అందుకని ఆయన్ని ఒక్కటే అడగండి: ఈ మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు చేశారు, అందులో ఏదైనా ఒకదాని రికార్డింగ్ ఇరవై నిమిషాలు ఆపకుండా పంపగలరా అని. మీరు చూసిన వీడియోలు అరనిమిషం ముక్కలు అయ్యుంటాయి. అందరూ చేతులు పైకెత్తిన క్షణాన్నే కత్తిరించి పెడతారు, చాలాసార్లు వెనకాల పాట కూడా తర్వాత ఎడిటింగ్‌లో వేసిందే. అందులో మనకు తెలిసేది ఎడిటర్ గొప్పతనం. ఇరవై నిమిషాలు వరసగా వింటే అసలు విషయం బయటపడుతుంది. పాట మారినప్పుడు జనం ఆగిపోతున్నారా, రెండు మూడు నిమిషాలకోసారి మైకు పట్టుకుని అరుస్తున్నాడా, ఒకే రకం పాటలతో సాగదీస్తున్నాడా అన్నది సంగీతం తెలియనివాళ్ళు కూడా కనిపెట్టగలరు. ఫాలోవర్ల సంఖ్య గురించి నేనేం మాట్లాడను, అది పెళ్ళిలో పాట వేయదు.

కంపెనీ ప్యాకేజీలో సుఖముంది. ఒక్క ఫోన్ నంబరుతో పనైపోతుంది, ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకర్ని పంపుతారు, సామాను చెడిపోతే గోడౌన్లో ఇంకోటి ఉంటుంది. ఇబ్బంది ఒకటే. మీతో తీయగా మాట్లాడినాయన ఆ సాయంత్రం అక్కడ ఉండడు. ఒకేరోజు వాళ్ళకి నాలుగైదు వేడుకలుంటే మంచివాళ్ళు పెద్ద వేడుకకి వెళ్తారు, మీకు కొత్తగా చేరిన కుర్రాణ్ణి పంపుతారు. అందుకని వాళ్ళని 'ఆరోజు కన్సోల్ (డీజే పాటలు నడిపే పరికరం) దగ్గర నిలబడేది ఎవరు? వాళ్ళతో నేను మాట్లాడాలి' అని అడగండి. పేరు చెప్పి, ఆ మనిషితో మాట్లాడించి, ఆ పేరే కాగితంలో రాస్తే ఆ కంపెనీ మీద నాకు నమ్మకం కుదురుతుంది. 'మా వాళ్ళందరూ ఎక్స్‌పర్ట్సేనండీ' అని దాటేస్తే ఇంకో కంపెనీని చూసుకోండి. అన్నట్టు, వాళ్ళు పంపేది అమ్మాయి అయితే 'సామాను మోయగలదా' అని ఇంట్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. సామాను మోసేది వేరేవాళ్ళు. ఆమె పని వినడం, చూడడం.

మీ కజిన్ క్లాస్‌మేట్ విషయంలో డబ్బు కంటే మొహమాటం గురించి ఆలోచించండి. డబ్బు తీసుకుని చేసేవాడికి 'సౌండ్ తగ్గించండి' అని గట్టిగా చెప్పగలరు. తెలిసినబ్బాయికి, అదీ దాదాపు ఊరికే చేస్తున్నవాడికి, ఏమని చెబుతారు? మధ్యలో స్పీకర్ ఆగిపోతే అతని దగ్గర రెండోది ఉందా? అతనూ ఆరోజు అతిథే కదా, స్నేహితులు పిలిస్తే కన్సోల్ వదిలి వెళ్ళిపోడా? ఈ పని కూడా ఒక వృత్తే. నేర్చుకుంటున్నవాళ్ళకి అవకాశం ఇవ్వాల్సిందే, కాని మళ్ళీ చేయడానికి వీల్లేని వేడుకలో కాదు.

కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే కంపెనీ వైపే మొగ్గుతాను, మనిషి పేరు ముందే ఖాయం చేస్తారనే షరతుమీద. క్లబ్బు డీజే పెళ్ళి రికార్డింగ్ పంపి, అది మీకు బాగుందనిపిస్తే నా మాట పక్కన పెట్టి ఆయన్నే పిలవండి.

ఇద్దరిలో ఎవరినైనా సరే, బయట వాకబు చేసేటప్పుడు వాళ్ళు ఇచ్చిన పాత కస్టమర్ల నంబర్లకి ఫోన్ చేసి 'బాగా చేశారా' అని అడక్కండి. అందరూ బాగానే చేశారంటారు. 'ఆరోజు ఏం తేడా వచ్చింది, అప్పుడు ఆయనేం చేశారు' అని అడగండి. ప్రతి వేడుకలోనూ ఏదో ఒకటి తేడా వస్తుంది. కార్యక్రమం గంట ఆలస్యమవుతుంది, కరెంటు పోతుంది, మైకు పనిచేయదు. అప్పుడతను కంగారుపడ్డాడా, ఇంకొకరి మీద నెట్టేశాడా, ఎవరికీ తెలియకుండా సర్దేశాడా అన్నది మీకు కావలసిన సమాచారం. 'మీ ఇంటి పెద్దవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారు?' అని కూడా అడగండి. దానికి వచ్చే జవాబులో సౌండ్ సంగతి మొత్తం ఉంటుంది.

ఆ సౌండ్ దగ్గరే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మీ ఇంట్లో అసలు గొడవ పాటల గురించి కాదు, దీని గురించే అనిపిస్తోంది.

ఎన్ని వాట్ల స్పీకర్లు తెస్తారన్నది చాలామంది గొప్పగా చెప్పే మాట. ఒకరు రెండు వేల వాట్లంటే ఇంకొకరు నాలుగు వేలంటారు. వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపు కాదండి, పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క డెసిబెల్). మన చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. కాబట్టి వాట్ల లెక్క వదిలేసి, స్పీకర్లు ఎక్కడ పెడతారో అడగండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. స్పీకర్‌కి మూడు మీటర్ల దూరంలో 97 ఉందనుకోండి, ఆరు మీటర్లలో 91, పన్నెండు మీటర్లలో 85. గోడలు, పైకప్పు ఉన్న హాల్లో శబ్దం తిరిగి కొడుతుంది కాబట్టి ఇంతగా తగ్గదు, అయినా తేడా బాగానే ఉంటుంది. పని తెలిసినవాడు స్పీకర్లని డ్యాన్స్ ఫ్లోర్‌కి దగ్గరగా, స్టాండ్ల మీద ఎత్తులో, ఫ్లోర్ వైపు తిప్పి పెడతాడు. అప్పుడు డ్యాన్స్ చేసేవాళ్ళకి జోరుగానూ, దూరంగా కూర్చున్నవాళ్ళకి మాట్లాడుకునేంత తక్కువగానూ ఉంటుంది. తెలియనివాడు రెండు స్పీకర్లు స్టేజీకి చెరోవైపు పెట్టి, హాలు చివరిదాకా వినపడాలని సౌండ్ పెంచుతూ పోతాడు. ముందు వరసలో కూర్చునేది ఎవరు? పెద్దవాళ్ళే. మీవాళ్ళు భరించలేమంటున్నది ఈ రెండో రకాన్నే.

బేస్, అంటే పాటలో అడుగున మోగే బరువైన శబ్దం, దాని సంగతి వేరు. దానికోసం పెట్టే సబ్‌వూఫర్ అనే స్పీకర్ నుంచి వచ్చే ఆ గుండెల్లో కొట్టే శబ్దం ఒకవైపే పోదు, అన్నివైపులా పాకుతుంది. స్పీకర్ వెనక కూర్చుంటే తప్పించుకోవచ్చు అనుకోవడానికి లేదు. గది మూలలో పెడితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకని పెద్దవాళ్ళ బల్లల పక్కనా, చంటిపిల్లలు పడుకునే గది గోడకి ఆనించీ సబ్‌వూఫర్ పెట్టొద్దని ముందే చెప్పండి.

ఎంత శబ్దమైతే ఎక్కువ అన్నదానికి లెక్కలున్నాయి. అమెరికాలో పనిచేసేచోట ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. అది కూడా గరిష్ఠ పరిమితి, చేరుకోవాల్సిన లక్ష్యం కాదు. ఫోన్లో డెసిబెల్స్ చూపించే ఉచిత యాప్‌లున్నాయి. కచ్చితంగా చూపిస్తాయని చెప్పలేను కాని నాన్నగారి కుర్చీ దగ్గర నిలబడి చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. డీజేతో 'కొంచెం తగ్గించండి' అనడం కన్నా 'ఈ బల్ల దగ్గర 80 దాటకుండా చూడండి' అంటే పని జరుగుతుంది.

నాన్నగారి గురించి ఇంకో మాట. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళకి గట్టి శబ్దం కన్నా, మాటలు నడుస్తుండగా వెనకాల మోగే పాటే ఎక్కువ ఇబ్బంది. ఎదుటి మనిషి మాట పాటలో కలిసిపోతుంది. ఆయన్ని డ్యాన్స్ ఫ్లోర్‌కి దూరంగా, కాని స్టేజీ మీద మాట్లాడేవాళ్ళ ముఖం కనపడేలా కూర్చోబెట్టండి. ఎవరు మాట్లాడినా, రెండు ముక్కలే అయినా, మైకులోనే మాట్లాడమనండి. ఆ సమయంలో వెనకాల మంద్రంగా కూడా పాట ఉండకూడదని డీజేకి చెప్పండి. చాలా యంత్రాల్లో రద్దీగా ఉండే చోట్లకి వేరే సెట్టింగ్ ఉంటుంది, ఈ మూడు నెలల్లో ఒకసారి ఆడియాలజిస్ట్‌కి (వినికిడి నిపుణులకి) చూపించి దాన్ని సరిచేయించుకుంటే మంచిది.

మైకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆరోజు అందరికీ గుర్తుండేది ఏ పాట వేశారన్నది కాదు. చెల్లెలి గురించి మీ నాన్నగారు మాట్లాడబోతే మైకు కీచుమని అరిచిందా లేదా అన్నది. ఆ కీచుశబ్దం మైకు స్పీకర్‌కి ఎదురుగా వెళ్ళినప్పుడు వస్తుంది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దాన్నే మైకు మళ్ళీ తీసుకుని మళ్ళీ స్పీకర్‌కి పంపుతుంది, అది తిరుగుతూ పెరుగుతుంది. మాట్లాడేవాళ్ళు స్పీకర్లు ఉన్న వరస దాటి వాటి ముందుకు రాకపోతే చాలావరకు ఉండదు. మైకు తలని గుప్పిట్లో పట్టుకున్నా అరుస్తుంది, సినిమాల్లో చూసి కుర్రాళ్ళు అలాగే పట్టుకుంటారు. మంచి డీజే మైకు చేతికిచ్చేటప్పుడే ఎలా పట్టుకోవాలో మెల్లగా చెప్పి ఇస్తాడు. మీరడగాల్సినవి: ఎన్ని కార్డ్‌లెస్ మైకులు తెస్తారు, మాట్లాడే కార్యక్రమానికి ముందు బ్యాటరీలు కొత్తవి వేస్తారా, వైరుతో పనిచేసే మైకు ఒకటి అదనంగా పెడతారా. చవక రకం కార్డ్‌లెస్ మైకుల్లో కొన్ని వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. హాలు నిండా ఫోన్లు ఉన్నప్పుడు అవి తెగిపోతుంటాయి. వైరు మైకు పాతకాలంలా కనిపించినా అది మాట తప్పదు.

వీడియో తీసేవాళ్ళకి డీజే మిక్సర్ (మైకులూ పాటలూ అన్నీ కలిసే పరికరం) నుంచి నేరుగా ఒక లైను ఇవ్వమని ఇద్దరికీ ముందే చెప్పండి. కెమెరా మైకుతో తీస్తే మాటలకన్నా హాల్లో గోల ఎక్కువ రికార్డవుతుంది. ఇది అడగాలని ఎవరికీ తట్టదు, పెళ్ళయ్యాక వీడియో చూసి బాధపడతారు. అలాగే వేడుకని ఆన్‌లైన్‌లో లైవ్ ఇస్తున్నట్టయితే, సినిమా పాటలు మోగినచోట ఆ సైట్లు కాపీరైట్ పేరుతో శబ్దం మూసేయడం మామూలే. దూరాన ఉన్న చుట్టాలు బొమ్మ మాత్రమే చూడాల్సి వస్తుంది. ముఖ్యమైన ఘట్టాల్లో వేసే పాటలు చూసి ఎంచుకోండి.

పాటలు ఎక్కడినుంచి వేస్తారో కూడా కనుక్కోండి. ఇంటర్నెట్ నుంచి అప్పటికప్పుడు వేసేవాళ్ళుంటారు. నేలమాళిగలోని హాల్లో సిగ్నల్ లేకపోతే పాట మధ్యలో చక్రం తిరుగుతుంది. పైగా చాలా యాప్‌లు సొంతంగా వినడానికే అనుమతిస్తాయి, వేడుకల్లో వేయడానికి కాదు. కొనుక్కున్న పాటలు సొంత డిస్క్‌లో ఉండి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోనూ ఉన్నాయంటే మనిషి పద్ధతైనవాడని అర్థం. వీడియో సైట్లలోంచి దించుకున్న పాటలు ఫోన్లో బాగానే ఉంటాయి, పెద్ద స్పీకర్ల మీద రేకు డబ్బాలా వినిపిస్తాయి. 320 కేబీపీఎస్ (పాట ఫైలు నాణ్యతని చెప్పే అంకె, ఎక్కువుంటే మేలు) ఎంపీ3కీ 128కీ తేడా ఇంట్లో తెలియకపోవచ్చు, హాల్లో తెలుస్తుంది. కన్సోల్ మీద ఏ కంపెనీ పేరుందన్నది పట్టించుకోకండి. అది మధ్యలో ఆగిపోతే పక్కన ఏముందన్నది పట్టించుకోండి.

లైట్ల విషయంలో నాకు పెద్ద ఆసక్తి లేదు, ఉన్నంతలో చెబుతాను. పొగ మెషిన్లు కొన్ని హాళ్ళలో ఫైర్ అలారం మోగిస్తాయి, హాలు మేనేజర్ని అడక్కుండా ఒప్పుకోకండి. లేజర్లు మనుషుల కళ్ళమీద పడకూడదు, కెమెరా సెన్సర్లని కూడా పాడుచేస్తాయి. టపటపా కొట్టే స్ట్రోబ్ లైటు వద్దనే నా సలహా. సెకనుకి 3 నుంచి 30 సార్లు వెలిగి ఆరే కాంతి, వెలుగు మిణుకుమంటే వచ్చే రకం మూర్ఛ ఉన్నవాళ్ళకి ఫిట్స్ తెప్పించగలదు. వచ్చినవాళ్ళలో ఎవరికుందో మీకు తెలియదు.

కరెంటు గురించి మీరు తెలుసుకోనక్కర్లేదు, డీజేకి తెలిస్తే చాలు. కాని ఆయన హాలు చూడటానికి వస్తారా అన్నది మీరు పట్టుబట్టాలి. వచ్చినాయన ప్లగ్గులు ఎక్కడున్నాయి, లైట్లకీ సౌండ్‌కీ వేర్వేరు లైన్లు దొరుకుతాయా, కరెంటు పోతే జనరేటర్ స్టేజీకి వస్తుందా లైట్లకేనా, సామాను పైకెక్కించడానికి లిఫ్ట్ ఉందా అని చూస్తారు. లైట్లూ సౌండూ ఒకే లైను మీద పెడితే స్పీకర్లలో సన్నగా రొద మొదలవుతుంది, లోడ్ ఎక్కువైతే రెండూ ఒకేసారి పోతాయి. కొన్ని హాళ్ళలో శబ్దం హద్దు దాటితే స్టేజీ కరెంటు తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, ఏ సమయానికి ఆపాలన్న నియమమూ ఉంటుంది. అవి పెళ్ళిరోజు సాయంత్రం తెలుసుకునే సంగతులు కావు.

ఇప్పుడు పాటలు. ఉత్తరంలో కుర్రాళ్ళకేం కావాలో రాశారు, పెద్దవాళ్ళకేం వద్దో రాశారు. మీ చెల్లెలికి ఏం కావాలో ఒక్కమాట లేదు. ముందు ఆమెనీ, చేసుకోబోయే అబ్బాయినీ కూర్చోబెట్టి అడగండి. కొంతమంది అమ్మాయిలకి అందరిముందూ డ్యాన్స్ చేయడమంటే భయం, బలవంతంగా లాగితే ఏడుపొస్తుంది. అలాంటిదేమైనా ఉంటే డీజేకి, యాంకర్‌కి ముందే చెప్పాలి. 'పెళ్ళికూతురు ఒక స్టెప్పేయాలి' అని మైకులో కేకలు వేయించే యాంకర్లని నేనయితే పేమెంట్ ఇచ్చి ఇంటికి పంపేస్తాను.

మూడు గంటల కార్యక్రమంలో పాటకి మూడు నిమిషాలనుకుంటే అరవై పాటలు పడతాయి. సగంలో మారుస్తూ పోతే ఇంకా ఎక్కువ. మీరు వంద పాటల జాబితా ఇస్తే ఆయన దాన్ని పూర్తి చేసే హడావిడిలో ఉంటాడు, జనాన్ని చూడడు. అప్పుడు మీరు డబ్బిచ్చింది దేనికి? తప్పకుండా వేయాల్సినవి పదిహేను, ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడనివి ఒక పది చాలు. రెండో జాబితానే ముఖ్యం. పాత ప్రేమని గుర్తుచేసే పాటలు, ఈ మధ్య పోయిన ఆత్మీయులకి ఇష్టమైన పాటలు, పెద్దల ముందు ఇబ్బందిగా ఉండే బూతు మాటలున్నవి అందులో ఉండాలి. బూతులు తీసేసిన వెర్షన్లు చాలా పాటలకి దొరుకుతాయి, అవే వాడమనండి. ఒక్కో ఘట్టానికి వేయాల్సిన పాటకి పేరొక్కటే ఇస్తే చాలదు. ఒకే పాటకి రీమిక్స్‌లు, కవర్లు పది ఉంటాయి. ఏ వెర్షన్, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి అన్నది రాసివ్వండి. పల్లవి వచ్చేసరికి పెళ్ళికూతురు గుమ్మంలో ఉండాలంటే ముందున్న నలభై సెకన్ల సంగీతం ఎవరో లెక్కేయాలి కదా.

అతిథులు వచ్చి అడిగే పాటల సంగతేమిటని డీజేని అడగండి. 'ఎవరడిగినా వేస్తా' అన్నా ప్రమాదమే, 'ఎవరడిగినా వేయను' అన్నా ప్రమాదమే. 'సందర్భం చూసి వేస్తాను, వద్దన్న జాబితాలో ఉంటే నవ్వి తప్పించుకుంటాను' అనేవాడు మీవాడు. ఆరోజు సౌండ్ గురించీ సమయం గురించీ ఆయనకి చెప్పే మనిషి ఇంటి తరఫున ఒక్కరే ఉండాలి. అది మీరు కాకుండా చూసుకోండి, మీకు తీరిక ఉండదు. బాబాయి పెంచమని, మామయ్య తగ్గించమని, తమ్ముడు పాట మార్చమని చెబుతుంటే ఎంతటివాడైనా చేతులెత్తేస్తాడు.

పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ మధ్య సర్దుబాటు సమయంతోనే కుదురుతుంది. మొదటి గంటంతా పాత పాటలు మెల్లగా, మాట్లాడుకోవడానికి అడ్డు రాకుండా. తర్వాత మాటలు, ఫొటోలు. ఆ తర్వాత అన్ని వయసులవాళ్ళకీ తెలిసిన పాటలతో డ్యాన్స్ మొదలుపెట్టి, పెద్దవాళ్ళు బయల్దేరాక జోరు పెంచడం. మొదటి గంటలో పాత పాటలు వచ్చాయంటే పెద్దవాళ్ళు ఆఖరి గంట గురించి ఫిర్యాదు చేయరు, పైగా కొంతమంది డ్యాన్స్‌కి కూడా వస్తారు. ఈ వరసని మీ డీజే తనంతట తానే మీకు చెబితే ఇంకెవర్నీ వెతకనక్కర్లేదు.

అన్నీ కుదిరాక కాగితం మీద పెట్టండి, పెద్ద లాయరు భాష అక్కర్లేదు. తేదీ, చోటు, ఎన్నింటికి వచ్చి సౌండ్ చెక్ పూర్తిచేస్తారు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, కార్యక్రమం ఆలస్యమైతే అదనపు గంటకి ఎంత, డీజే పేరు, ఆయన రాలేకపోతే ఎవరు, ఏ సామాను వస్తుంది, అడ్వాన్స్ ఎంత, మీరు రద్దు చేసుకుంటే అందులో ఎంత తిరిగివస్తుంది, వాళ్ళు రద్దు చేస్తే ఏమిటి. ఆఖరి ప్రశ్నకి జవాబు సాధారణంగా వాళ్ళ ఫారంలో ఉండదు, మీరే రాయించుకోవాలి. మొత్తం డబ్బు ముందే ఇవ్వమంటే ఒప్పుకోకండి. మిగతాది వేడుక అయ్యాక ఎవరు చెల్లిస్తారో ఇంట్లో అనుకుని ఉంచండి, అర్ధరాత్రి కవరు కోసం అందరినీ నిద్రలేపకుండా.

బాబు పుట్టినరోజుకి అంత హంగామా వద్దండి. చిన్నపిల్లలు ముప్పై మంది ఉన్న ఇంటికి సబ్‌వూఫర్ దేనికి? దానికి మీ కజిన్ క్లాస్‌మేట్‌ని పిలవండి. రెండు చిన్న స్పీకర్లు, ఒక మైకు చాలు. ఆటలు ఆడించేటప్పుడు పాట టక్కున ఆపడం, మళ్ళీ వేయడం సరదాగా చేస్తాడు, సౌండ్ ఎక్కువైతే మీరు వంటింట్లోంచే కేకేసి చెప్పొచ్చు. అతను అడిగిన డబ్బు మాత్రం పూర్తిగా ఇవ్వండి.